గంటకి ఆగిపోయే పెడలు బండి

అనకాపల్లి హైవే పక్కన ఒక షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు ట్రాక్టర్లు విప్పి బిగించాను. ఎప్పుడు హెడ్ మెకానిక్కునయ్యానో, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. అవి మా ఆవిడ సుగుణకే అక్కర్లేదు, మీకెందుకు? ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొచ్చేది నా దగ్గర ఒకటుంది. సర్వీసు చివరి ఏడాదిలో నేను చేసిన తప్పు. దాన్ని దాచుకుని పోతే ఎవరికి లాభం? రాసేస్తే మీలో ఒక్కడైనా నాలా బోర్లా పడకుండా ఉంటాడు.

నా పేరు దేవదానం. షెడ్డులో దేవదానం మేస్త్రి అనేవారు. బయట రైతులు మాత్రం చెవి మేస్త్రి అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గేర్‌బాక్సు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు పోయిందో చెప్పేవాణ్ణి. విప్పి చూస్తే అదే పోయి ఉండేది. ఎస్. రాయవరం నుంచి వచ్చే చెరుకు బళ్ళవాళ్ళు గేటు దగ్గరే “సెవి మేత్రి ఉన్నాడేటి?” అని అడిగి, ఉన్నానంటేనే బండి లోపలికి తెచ్చేవారు. లేనంటే మర్నాడు వచ్చేవారు. మనిషన్నాక పొంగిపోడా? నేనూ పొంగిపోయాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ చెవి అబద్ధం కాదు. నిజంగానే పనిచేసేది. ముప్ఫై ఏళ్ళు పనిచేసింది కాబట్టే అది పనిచెయ్యని చోట కూడా దాన్నే నమ్మాను.

రామ్మూర్తి గారి టీ

నాకు పని నేర్పినాయన మా సర్వీసు మేనేజరు రామ్మూర్తి గారు. నోరు విప్పితే తిట్టే. కానీ ఆయన తిట్టిన ప్రతి తిట్టుకీ వెనక ఒక పాఠం ఉండేది. ఆయన పద్ధతి ఏమిటంటే, బండి రాగానే ముందు దాని డ్రైవరుకి టీ తెప్పించాలి. అతను టీ తాగినంతసేపూ మేం స్పానరు ముట్టుకోకూడదు. ఎదురుగా కూర్చుని అతను చెప్పేది వినాలి. అంతే. టీ అవకుండా ఎవడైనా బోల్టు మీద చెయ్యేశాడా, షెడ్డంతా వినబడేలా అరిచేవారు.

“ఏటిరా, తొందరేటి? రోజంతా దాని మీద కూకున్నోడు సెప్పాల్సింది నీకు బోల్టు సెప్తాదా?”

నేను చేరిన కొత్తలో ఒక బండి మూడో గేరు జారిపోతోందని వచ్చింది. డ్రైవరు టీ తాగుతూ ఏదో చెబుతున్నాడు. నేను ఊఁ కొడుతూ బుర్రలో అప్పుడే గేర్‌బాక్సు విప్పేస్తున్నాను. తర్వాత నిజంగానే విప్పాను. మూడు రోజులు. పళ్ళన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. మళ్ళీ బిగించి నడిపితే మళ్ళీ జారింది. అప్పుడు రామ్మూర్తి గారు వచ్చి ఆ డ్రైవర్ని, “నాయినా, మొదట్రోజు వీడికి ఏటి సెప్పేవు?” అని అడిగారు. “కొత్త సీటు ఏసిన కాణ్ణించి జారతాందని సెప్పేను బాబూ” అన్నాడతను. చూస్తే సీటు కింద పట్టీ గేరు రాడ్డుకి అడ్డం తగులుతోంది. రాడ్డు పూర్తిగా పడట్లేదు. పట్టీని నాలుగు దెబ్బలు కొట్టి వంచితే సరిపోయింది. ఆ పూట రామ్మూర్తి గారు నన్ను ఆ సీటు మీదే కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా షెడ్డు చుట్టూ పది రౌండ్లు తిప్పించారు. అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను టీ పద్ధతి తప్పలేదు.

ఆయన రిటైరయ్యారు, కొన్నాళ్ళకి పోయారు. టీలు కొంతకాలం నడిచాయి. తరవాత బళ్ళు ఎక్కువయ్యాయి, నాకు పేరు ఎక్కువైంది. డ్రైవరు నోరు విప్పకముందే నేను చెప్పేసేవాణ్ణి. వాళ్ళూ దాన్నే మెచ్చుకునేవారు.

వరహాలమ్మ

రోలుగుంట అవతల కొండ వాలు మీద ఆవిడకి జీడితోట, కొంత మెట్ట ఉన్నాయి. మొదటిసారి మా షెడ్డుకి వచ్చినప్పుడు నలభై ఏళ్ళుంటాయేమో. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. చేతికర్ర మీద నడిచేది. అమ్మానాన్నా పోయారు. తమ్ముడు అచ్యుతాపురం వైపు ఏదో కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. భూమి బాధ్యత ఆవిడ మీదే ఉంది. ట్రాక్టరు కొనకముందు ఇంట్లో కూర్చుని జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే కూలి చేసేది. ఆ పిక్కల్లోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ పని చేసేవాళ్ళ వేళ్ళు చూస్తే తెలిసిపోతుంది, నల్లగా, పొరలు పొరలుగా ఊడి ఉంటాయి.

విశాఖ వైపు ఫారంహౌసు ఉన్న ఒకాయన మోజు తీరి అమ్మేసిన చిన్న ట్రాక్టరుని ఆవిడ కొనుక్కుంది. దాని గొప్పేమిటో చెప్పాలి. మామూలు ట్రాక్టరులో ఇంజను బలం క్లచ్చు, గేర్ల మీదుగా చక్రాలకి పోతుంది. ఎడమ కాలితో క్లచ్చు తొక్కకపోతే బండి కదలదు. ఈ బండిలో అలా కాదు. ఇంజను ఒక పంపుని తిప్పుతుంది. పంపు ఆయిలుని గట్టిగా నెడుతుంది. ఆ ఆయిలు ఒక మోటారుని తిప్పితే, మోటారు చక్రాల్ని తిప్పుతుంది. కుడికాలి కింద పెడలు ఉంటుంది. ముందుకి నొక్కితే ముందుకి, వెనక్కి నొక్కితే వెనక్కి, కాలు తీస్తే ఆగిపోతుంది. దీన్ని హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. అంత పేరు ఎవరు పలుకుతారు, మా వైపు పెడలు బండి అనేశారు. ఎడమ పక్కనున్న బ్రేకుకి మాత్రం ఆవిడ నర్సీపట్నంలో ఒక వెల్డరు చేత చేతి లివరు పెట్టించుకుంది.

“బాబూ, ఒక్క కాల్తో తోలీ బండి ఇదొక్కటే దొరికింది నాకు” అంది ఆరోజు. “దీన్ని ఎలా సూసుకోవాలో సెప్పు. మగోళ్ళకి సెప్పినట్టు ఇడమరిసి సెప్పు. ఆడదాన్ని గదాని పైపైన సెప్పీకు.”

నాకు ముచ్చటేసింది. కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. చివర్న, “అమ్మా, దీనికి ఆయిలే ప్రాణం. ఇసక రేణువు కూడా లోపలికి పోకూడదు. ఆయిలు మార్చినప్పుడు గరాటుకి మెత్తటి పాత గుడ్డ కట్టి, వడకట్టి పొయ్యి” అన్నాను.

ఆ గుడ్డ మాట కంపెనీ పుస్తకంలోది కాదు. మా నాన్నది. ఆయన బెల్లం వండేవాడు. చెరుకు రసం పెనంలో పోసేముందు పాత పంచె ముక్క కట్టి వడపోసేవాడు. అనకాపల్లిలో పుట్టినవాడికి వడకట్టడమంటే గుడ్డే గుర్తొస్తుంది. అది నా నోట్లోంచి అలవోకగా వచ్చేసింది. ఈ బండి పుస్తకంలో గుడ్డ దరిదాపులకి తేవద్దనే ఉందట. నేను ఆ పేజీ దాకా చదవలేదు. చెవి మేస్త్రికి పుస్తకాలెందుకు?

రెండేళ్ళు ఆవిడ బండి చక్కగా నడిచింది. తన మెట్ట దున్నుకునేది, చుట్టుపక్కల తోటల్లో చెట్ల వరసల మధ్య మట్టిని గుల్ల చేసే రోటవేటరు వేసేది. పెద్ద ట్రాక్టర్లు దూరని చోటికి వరహాలు బండిని పిలిచేవారు. ఒకసారి సామాను కోసం వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళు చూశాను. నలుపు పోయి, గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంది. ఆ చేతుల్ని ఆవిడే తిప్పి తిప్పి చూపించి మురిసిపోయింది.

నేనిచ్చిన తీర్పు

తొలకరి పడ్డ వారం. షెడ్డు లోపల బళ్ళు, బయట బళ్ళు, రోడ్డు దాకా బళ్ళు. వరహాలమ్మ తన బండిని మినీ లారీ మీద ఎక్కించి తెచ్చింది.

“గంటసేపు బాగా తోల్తాది బాబూ. తరవాత ఎత్తెక్కదు, మూలుగుతాది. ఆపేసి, అంబలి తాగినంతసేపు కూకుంటే మళ్ళా గంట తోల్తాది.”

వినాలి కదా. నేను వినలేదు. చెవిన పడింది, అంతే. టీ తెప్పించలేదు, కూర్చోమని కూడా అనలేదు. నిజం చెప్పాలి కాబట్టి ఇంకొకటి కూడా చెబుతాను. అదే మాట ఒక మగ డ్రైవరు అని ఉంటే “ఏటి, ఆపితే మళ్ళీ పోతుందా?” అని ఆగి అడిగి ఉండేవాణ్ణి. ఆవిడ ‘అంబలి తాగినంతసేపు’ అంటే అదొక లెక్కలా నాకు అనిపించలేదు. పైపైన చెప్పొద్దని అడిగిన మనిషి చెప్పిందాన్ని నేను పైపైన విన్నాను.

బండిని వెనక మట్టి గుట్ట మీద ఎక్కిస్తూ దింపుతూ ముప్పావుగంట తిప్పించాను. నీరసించింది, మూలిగింది. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. పంపు ఈలలా కూస్తోంది. అరిగిపోయిన పంపు అలాగే కూస్తుంది. అది నాకు తెలుసు. ఆయిలు అందని పంపు కూడా సరిగ్గా అలాగే కూస్తుంది. అది నేను గుర్తు చేసుకోలేదు.

“అమ్మా, లోపల పంపూ మోటారూ అరిగిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు చిక్కగా ఉంటుంది కాబట్టి లాగుతుంది. వేడెక్కి పల్చబడితే బలమంతా లోపలే కారిపోతుంది. అవి ఉన్న బాక్సు మొత్తం మార్చాలి. అంత పెట్టే బదులు ఇంకో బండి కొనుక్కోవడం నయం.”

“ఇంకో బండంటే గేర్ల బండే గదా బాబూ.”

“ఈ చుట్టుపక్కల దొరికేవి అవే మరి.”

ఆవిడ కాసేపు బండి వైపు చూసింది. “అయితే మళ్ళా పిక్కలేనన్నమాట” అంది.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కూడా కాలేదు. పక్క బండివాడు పిలుస్తున్నాడు, వెళ్ళిపోయాను. నా వెనక బీరువాలో ఆయిలు ప్రెషరు కొలిచే గేజి ఉంది. బిగించడానికి పది నిమిషాలు, బండి నడిపి చూడ్డానికి గంటన్నర. ఒక మనిషి బతుకు మీద తీర్పు చెప్పడానికి గంటన్నర ఎక్కువైపోయింది నాకు.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. తెలియక చేసిన తప్పు తప్పే గానీ, దానికి క్షమాపణ ఉంది. చూసే వీలుండీ చూడకుండా చెప్పడం వేరు. అది మన పనిలో అబద్ధం చెప్పడమే. బండికి తగిలించిన మీ ల్యాప్‌టాప్ ఏం చూపించినా, మీ చెవి ఏం చెప్పినా, కొలవగలిగింది కొలవకుండా ‘పోయింది’ అనే మాట అనకండి.

శనివారం ఫోను

రెండు వారాల తర్వాత శనివారం మధ్యాహ్నం వరహాలమ్మ ఫోను చేసింది.

“మేత్రి బాబూ, బండి అమ్మేసేను. నర్సీపట్నం ఆయన సామాన్లకి ఇప్పుకుంటాడంట. సోమారం డబ్బులట్టుకుని లారీ తెత్తాడు. నీతో ఓ మాట సెప్దారని సేసేను.”

“చెప్పమ్మా.”

“ఆయన సూడ్డానికొచ్చినప్పుడు గంట తోలేను, ఆగిపోనాది. పది నిమిషాలు ఆపి మళ్ళా తీసేను, గునగునా ఎత్తెక్కిపోనాది. ఇది బాగానే ఉందిగదా, తోలుకుంటానన్నాడు. నాకు మనసొప్పనేదు బాబూ. ఇది ఇలాగే మాయ సేత్తాది, మళ్ళా గంటకి ఆగిపోద్ది, బాక్సు పోయిందని మేత్రి బాబు సెప్పేడని సెప్పేసేను. రేప్పొద్దున్న ఆయన నిన్నడిగితే అదే మాట సెప్పు బాబూ. వరహాలు మోసం సేసిందనకూడదు ఎవరూ.”

పది నిమిషాలంటోంది. జూన్ ఎండలో గంటసేపు దున్నిన బండి ఆయిలు పది నిమిషాల్లో చల్లారుతుందా? గంటలు పడుతుంది. వేడికి పల్చబడిన ఆయిలే కారణమైతే పది నిమిషాలాపినా, అరగంట ఆపినా ఎత్తెక్కకూడదు. ఎక్కిందంటే గొడవ ఆయిలు వేడితో కాదు. పంపు ఆయిలు పీల్చే మూతికి ఏదో అడ్డం పడుతోంది. ఇంజను నడిచినంతసేపూ పీల్పుకి అది మెల్లగా వచ్చి అతుక్కుంటోంది, ఆపగానే పీల్పు పోయి విడిపోతోంది.

“అమ్మా, ఈ పది నిమిషాల మాట మొదట్రోజే నాకు ఎందుకు చెప్పలేదు?” అన్నాను. ఛీ, అనకుండా ఉండాల్సింది.

“సెప్పేను గదా బాబూ. అంబలి తాగినంతసేపు అన్నాను గదా.”

గొంతులో నిష్ఠూరం లేదు. గుర్తు చేసింది, అంతే.

“బండి ఎవరికీ ఇవ్వకు. రేపొద్దున్నే నేను వస్తున్నాను.”

“రేపు ఆదోరం గదా. మీకు సర్చి ఉంటాది గదా బాబూ?”

“చర్చిలో దేవుడు నా కోసం ఆగుతాడమ్మా. లారీ ఆగదు.”

సుగుణకి సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. గేజి సంచీలో పెడుతుంటే, “ఎవరి తప్పు వాళ్ళే దిద్దుకోవాలని మన పాస్టరుగారు కూడా చెబుతారుగా, వెళ్ళిరండి” అని టిఫిను కట్టిచ్చింది.

అంబలి తాగినంతసేపు

చోడవరం, కొత్తకోట మీదుగా బైకు మీద వెళ్ళాను. వెనక రెండు సీలు డబ్బాల ఆయిలు, ఒక ఫిల్టరు. ఊరి చివర ఆవిడ ఇల్లు. వాకిట్లో పిక్కల గుట్ట ఉంది. నన్ను చూసి చేతులు బూడిదలో రుద్దుకుని లేచింది. వేళ్ళు అప్పుడే నల్లబడ్డాయి. రెండు వారాలకే. ఆ చేతులతోనే నాకు చోడి అంబలి, అదే రాగి అంబలి, తెచ్చిచ్చింది.

నేను బండి దగ్గరికి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని, “మొదట్నించీ చెప్పమ్మా. ఏ రోజు నుంచి ఇలా అయింది?” అన్నాను.

“ఆయిలు మార్సిన కాణ్ణించి బాబూ.”

“ఎలా పోశావు?”

“నువ్వు సెప్పినట్టే. గరాటుకి గుడ్డ కట్టి పోసేను. మెత్తటిదుండాలన్నావు గదా, మాయమ్మ కోక సింపేను. అంత మెత్తటిది ఇంట్లో ఇంకోటి నేదు.”

“తరవాత ఆ గుడ్డ ఏం చేశావు?”

“రెండు ముక్కలు ఏసేను, ఒకదాని మీద ఒకటి. తీసీటప్పుడు ఒకటే ఉంది. ఆరోజు గాలి ఇసిరిసిరి కొడతాంది. రెండోది ఎగిరిపోనాదనుకున్నాను. తోటంతా ఎతికేను గానీ కనపడనేదు.”

అంబలి గిన్నె కింద పెట్టేశాను. గాలికి ఎగిరిపోలేదు. నూనెలో తడిసి బరువెక్కి, గరాటులోంచి బాక్సులోకి జారింది. వడకట్టి పొయ్యమన్నది నేను. మెత్తటి గుడ్డ అన్నదీ నేనే.

అయినా నోరు మూసుకున్నాను. ఒకసారి చూడకుండా చెప్పి ఇంత చేశాను, రెండోసారి కూడా చూడకుండా చెబుతానా? గేజి బిగించాను. ఆవిడని ఎక్కి నడపమన్నాను. మొదట ముల్లు ఉండాల్సిన చోటే నిలబడింది. యాభై నిమిషాలకి వణికింది, దిగడం మొదలెట్టింది, పంపు కూసింది. ఆపమన్నాను. వాచీ చూసి పది నిమిషాలు ఆగాం. బాక్సు మీద చెయ్యి పెడితే కాలిపోతోంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ముల్లు మొదటి చోటికే వచ్చి నిలబడింది. అంత వేడిలో.

ఆయిలు దింపాను. పీల్చే గొట్టం మూత విప్పి, టార్చి వేసి, కొస వంచిన తీగతో లోపల వెతికాను. ఏదో తగిలింది. లాగితే జానెడు గుడ్డ నూనె కారుతూ బయటికొచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ, పసుపు అంచు.

వరహాలమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని పిండి, విప్పి చూసింది. “మాయమ్మ కోకే” అంది. అంతలోనే నవ్వొచ్చేసింది ఆవిడకి. “సూసేవా బాబూ? బతికున్నన్నాళ్ళూ బండెక్కుతానంటే వద్దే, పడతావే అని గోలెట్టీది. సచ్చిపోయి గూడా బండి ఆపేసింది.”

నాకు నవ్వు రాలేదు. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

“వరహాలమ్మా, మీ అమ్మ కాదు, నేను ఆపేశాను. గుడ్డ కట్టమన్నది నేనే. అది తప్పు. సీలు డబ్బా విప్పి తిన్నగా పొయ్యాలి, గుడ్డ అసలు వాడకూడదు. నువ్వు అంబలి తాగినంతసేపు అన్నప్పుడు వినలేదు. కొలవకుండా బాక్సు పోయిందన్నాను. అదీ తప్పు. రెండూ నావే.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. తర్వాత రెండు చేతులూ నా మొహం ముందు చాపింది.

“సూడు బాబూ. పదైదు రోజులు. ఒకరిద్దరు దున్నడానికి పిలిత్తే, నాను తోల్లేనని సెప్పి ఇంట్లో కూకుని ఏడిసేను. నువ్వు సెప్పేవని నమ్మేను. ఇంకెవరు సెప్పినా నమ్మకపోదును.”

ఆవిడ కోపం న్యాయమైంది. అలాంటప్పుడు ‘ఏదో పొరపాటమ్మా, సీజను కదా’ అని సర్దిచెప్పకండి. తలవంచుకుని వినండి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసింది, చూడనట్టు మొహం తిప్పుకుంది.

“ముందు ఆయిలు పొయ్యి” అంది కాసేపటికి. “గంట తోలి సూద్దారి. మాటలు తరవాత.”

రెండో గంట

ఫిల్టరు మార్చి, సీలు విప్పి, డబ్బాలోంచి తిన్నగా ఆయిలు పోశాను. గేజి తీసేశాను. లోపల్లోపల ఒక భయం ఉంది నాకు. ఇన్నాళ్ళు ఆయిలు చాలక తిరిగిన పంపు ఇప్పుడు నిజంగానే అరిగిపోయి ఉంటే? అదే జరిగితే నా మొదటి మాట నిజమవుతుంది, ఆవిడ చేతులు పిక్కలకి పోతాయి. నేను చెప్పింది నిజం కాకూడదని దేవుణ్ణి వేడుకోవడం నా వృత్తిలో అదే మొదలు, అదే ఆఖరు.

వరహాలమ్మ సీటు పట్టుకుని ఎక్కి, ఎడమ కాలిని చేత్తో ఎత్తి ఫుట్‌బోర్డు మీద పెట్టుకుంది. కుడికాలితో పెడలు నొక్కింది. రోటవేటరు దించి కింద చేను మొదలుపెట్టింది. నేను గట్టు మీద నిలబడి వాచీ చూసుకుంటూ ఉన్నాను. అరగంట. ముప్పావుగంట. గంట దాటింది. ఎత్తు మీదికి తిప్పింది, బండి ఆగలేదు. ఇంకో చాలు, ఇంకో చాలు. కూత రాలేదు. రెండో గంట నిండింది. గట్టు మీద చతికిలబడ్డాను. హమ్మయ్య అని పైకే అన్నాను.

బండి ఎత్తు మీంచి కిందికి వచ్చి నా పక్కన ఆగింది. ఇంజను ఆపలేదు. ఆవిడ సీటు మీద కూర్చునే జాకెట్టులోంచి ఫోను తీసి, ఒక నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది.

“నర్సీపట్నం ఆయనకి. పోయిందన్నోడివి నువ్వే గదా బాబూ, పోనేదని గూడా నువ్వే సెప్పు.”

అవతల ఫోను ఎత్తారు. “ఎవరండీ?”

“అనకాపల్లి దేవదానం మేస్త్రినండి. వరహాలమ్మ బండి బాక్సు బాగానే ఉందండి. రేపు లారీ తేవద్దు. పోయిందని తప్పు చెప్పేను.”

“మీరేటి, తప్పు చెప్పడమేటండీ?” అని ఆయన నవ్వాడు. “చెవి మేస్త్రి కదా మీరు?”

“అవునండి. ఆవిడ చెప్పింది వినలేదు. అందుకే తప్పు చెప్పేను.”

ఆయన మంచివాడు. ఇంకేదో రెండు ముక్కలు సరదాగా అని, సరేనని పెట్టేశాడు. ఫోను తిరిగిద్దామని తలెత్తితే ఎదురుగా బండి లేదు. జీడిచెట్ల వరస పక్కనుంచి పై చేలోకి ఎక్కిపోతోంది.

“వరహాలమ్మా, నీ ఫోనూ!” అని కేకేశాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, నవ్వింది, ఆగలేదు.